లాగిన్ వెనక లాగిన తాడు

రోజుకి ఎన్నిసార్లు లాగిన్ అవుతామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పొద్దున్నే లాప్‌టాపు, ఆ తర్వాత వీపీఎన్, మెయిలు, టైంషీటు, సర్వరు, సాయంత్రం బ్యాంకు... పదికి తగ్గదు. సర్వరు పడుకుంటే మేనేజరు మొట్టమొదట అడిగేది కూడా "లాగ్స్ చూశావా?" అనే. ఇంతగా నాలుక మీద ఆడే మాటకి అసలర్థం ఏంటి? దుంగ. అవును, అక్షరాలా చెట్టు దుంగే. నాలుగొందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లీషు నావికులు ఓడ వెనక నీళ్ళలోకి విసిరిన చెక్కముక్క. అది అలల మీద తేలుకుంటూ మన సర్వర్లలోకి ఎలా వచ్చిందన్నదే ఈ టపా.

నాకు దీనిమీద ధ్యాస మళ్ళింది మా టీములో ఉన్న ఒక చైనా కుర్రాడి వల్ల. మనలాగే అతనూ ఇంగ్లీషుని బడిలో, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నవాడు. వాళ్ళ నిఘంటువులో "లాగ్" అని వెతికితే మొదటి అర్థం నరికిన మాను. రెండోది ఓడ దినచర్య. ఇంకాస్త కిందకి వెళితే మన ఇంటర్లో చంపుకు తిన్న లాగరిథమ్. "లాగింగ్" అని వెతికితే అడవిలో చెట్లు నరకడం. డాక్యుమెంటులో "ఎనేబుల్ లాగింగ్" అని కనిపిస్తే కొత్తగా నేర్చుకునేవాడు ఏమనుకోవాలి పాపం? గొడ్డలి తీసుకురమ్మంటున్నారనా? :)

ఇంగ్లీషులో ఇలాంటి వాక్యం ఒకటి హాయిగా చెప్పొచ్చు: "నావికుడు లాగ్ విసిరి, లాగ్ టేబుల్ చూసి లెక్కకట్టి, లాగ్‌లో రాశాడు." ఇదే వాక్యాన్ని చైనీసులో చెప్పాలంటే మూడు చోట్లా మూడు వేరువేరు మాటలు కావాలి. మొదటి లాగ్ "జిచంగ్‌యి", అంటే దూరం లెక్కపెట్టే పరికరం. రెండోది "దుయిషు", అంటే జతసంఖ్య. మూడోది "రిజి", అంటే రోజువారీ రాత. (చైనీసు ఉచ్చారణని తెలుగులో రాస్తే కాస్త అటూ ఇటూ అవుతుంది, సర్దుకోండి.) వాళ్ళు అర్థాన్ని బట్టి మాట కట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఒక్క దుంగనే పట్టుకుని సముద్రం ఈదేశారు. ఇందులో లాగరిథమ్ మాత్రం మన దుంగకి చుట్టం కాదు. అది 1614లో జాన్ నేపియర్ గ్రీకు మాటలు రెండు కలిపి చేసుకున్న పేరు. పొట్టిగా పిలిచేసరికి ఇంటిపేరు కలిసిందంతే.

సరే, అసలు కథకొద్దాం.

సముద్రం మధ్యలో ఉన్న ఓడ ఎంత వేగంగా పోతోందో ఎలా తెలుస్తుంది? చుట్టూ నీళ్ళే. కిలోమీటరు రాళ్ళుండవు, చెట్లూ గుట్టలూ వెనక్కి పరిగెత్తవు. వేగం తెలీకపోతే ఎంత దూరం వచ్చామో తెలీదు, అది తెలీకపోతే ఎక్కడున్నామో తెలీదు. తేలిగ్గా తట్టే ఉపాయం ఒకటుంది. ముందుభాగం నుంచి ఒక చెక్కముక్క నీళ్ళలో పడేసి, అది ఓడ వెనకభాగం దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ఓడ పొడవు తెలుసు కాబట్టి వేగం వచ్చేస్తుంది. కాకపోతే ఓడ పొడవు చాలా తక్కువ, అంత కొద్దిసేపటిని కొలవడం కష్టం, తప్పు ఎక్కువ వస్తుంది.

దీనికి ఇంగ్లీషువాళ్ళు చేసిన మార్పు చాలా చిన్నది. చెక్కకి తాడు కట్టారు. 1574లో విలియం బోర్న్ అనే ఆయన నావికుల కోసం రాసిన పుస్తకంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. తర్వాతి రోజుల్లో స్థిరపడిన రూపం ఇలా ఉండేది. చెక్క పావు వృత్తం ఆకారంలో, గుండ్రటి అంచున సీసం పోసి ఉంటుంది. సీసం బరువుకి అది నీళ్ళలో నిలువుగా నిలబడి, విసిరినచోటే దాదాపు కదలకుండా ఉంటుంది. ఓడ ముందుకి పోతుంటే గిలక మీద చుట్టిన తాడు విడిపోతూ ఉంటుంది. ఓడ రేపే నీటి కలతని దాటేదాకా కొంత తాడు వదిలేస్తారు, దాని చివర ఒక గుడ్డపీలిక కట్టి ఉంటుంది. ఆ పీలిక చేతిలోంచి జారగానే ఒకడు ఇసుక గడియారం తిప్పుతాడు. తాడుకి సమాన దూరాల్లో ముడులుంటాయి. ఇసుక అయిపోగానే తాడు బిగించి పట్టుకుంటారు. చేతిలోంచి ఎన్ని ముడులు పోయాయో అదే ఓడ వేగం. అందుకే ఇప్పటికీ ఓడలూ విమానాలూ వేగాన్ని "నాట్స్"లో, అంటే ముడుల్లో చెబుతాయి. చైనీసులో దీన్ని "జియె" అంటారు, వెదురు కణుపుకి వాడే మాట అది.

చివర్లో తాడు ఒక్క కుదుపు ఇస్తే చెక్కకున్న చిన్న మేకు ఊడి, చెక్క నీటిమీద పడుకుంటుంది. అప్పుడు తాడు తేలిగ్గా లాగొచ్చు. అంటే "లాగ్"ని నిజంగానే లాగేవారన్నమాట. తెలుగులో "లాగిన" అంటే వచ్చే అర్థం ఇక్కడ కాకతాళీయంగా సరిపోయింది, వ్యుత్పత్తి అని ఎక్కడా రాసేయకండి!

ఇప్పుడు మన జాతికి నచ్చే భాగం. ముడికీ ముడికీ మధ్య దూరం ఎంత ఉండాలి? ఇది హార్డ్‌కోడ్ చేసిన కాన్‌స్టాంటు. మొదట్లో నావికులు సముద్రపు మైలు అంటే 5000 అడుగులు అనుకున్నారు. 30 సెకన్ల గడియారానికి లెక్కేస్తే ముడికి దాదాపు 42 అడుగులు వస్తుంది, అంటే ఏడు బారలు. కొలుచుకోవడం తేలిక కూడా. అయితే సముద్రపు మైలంటే భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం. భూమి ఎంత పెద్దదో సరిగ్గా తెలిస్తేనే ఆ మైలు సరిగ్గా తెలుస్తుంది.

రిచర్డ్ నార్వుడ్ అనే లెక్కల మాస్టారు 1633లో లండన్లో, 1635లో యార్క్‌లో సూర్యుడి ఎత్తు కొలిచి, ఆ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని గొలుసుతోనూ అడుగులతోనూ కొలుచుకుంటూ పోయాడు. ఆయనకి వచ్చిన జవాబు డిగ్రీకి 3,67,196 అడుగులు. ఇప్పటి కొలతకీ దానికీ ఒక శాతం కూడా తేడా లేదు! అరవైతో భాగిస్తే మైలు 6120 అడుగులు. అంటే ముడికి ముడికి మధ్య 42 కాదు, 51 అడుగులుండాలి. 1637లో పుస్తకం వేసి మరీ చెప్పాడు.

నావికులు వెంటనే మార్చేశారా? అబ్బే. ప్రొడక్షన్లో నడుస్తున్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు? పాత తాడుతో కొలిస్తే ఓడ అసలు వేగం కన్నా దాదాపు ఇరవై శాతం ఎక్కువ చూపిస్తుంది. దానివల్ల తీరం ఇంకా దూరంగా ఉన్నా దగ్గరికి వచ్చేశామనుకుని జాగ్రత్తపడతారు. తప్పే, కాకపోతే ప్రాణం కాపాడే వైపు తప్పు. అందుకని చాలామంది తాడుని అలాగే ఉంచి గడియారంలో ఇసుక తగ్గించుకున్నారు. చివరికి స్థిరపడిన జోడీ 28 సెకన్ల గడియారం, 47 అడుగుల 3 అంగుళాల ముడి. ఎవరైనా "ఈ 28 ఎందుకు?" అని అడిగితే జవాబు చెప్పడానికి వందేళ్ళ చరిత్ర తవ్వాలి. మన కోడులో కామెంటు లేని నంబర్ల సంగతి గుర్తొచ్చిందా?

ఇదంతా పిల్లలాట కాదు. 1707 అక్టోబరులో సర్ క్లౌడెస్లీ షావెల్ నడిపిస్తున్న ఇంగ్లీషు నౌకాదళం తామెక్కడున్నామో పొరబడి సిలీ దీవుల రాళ్ళకి గుద్దుకుంది. నాలుగు ఓడలు మునిగిపోయాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు, షావెల్ కూడా. బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు మిగిలాయి కాబట్టి ఎవరి లెక్క ఎటు జారిందో రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా కూర్చుని పరిశీలించగలిగారు. పోస్టుమార్టెమ్ మీటింగంటే అదీ.

మరి చెక్కముక్క పుస్తకం ఎలా అయింది? కొలిచిన ముడుల్ని ఎక్కడో రాయాలి కదా. తుంపరలో కాగితం తీస్తే తడుస్తుంది. అందుకని పలక మీదో, పుస్తకంలా మడిచే చెక్క బోర్డు మీదో సుద్దతో రాసేవారు. గంట, ముడులు, దిక్కు, గాలి అని గడులు. దాని పేరు లాగ్ బోర్డు. రోజుకోసారి, మామూలుగా మధ్యాహ్నం, దాన్ని చూసి లోపల పుస్తకంలో సిరాతో ఎక్కించి బోర్డు తుడిచేసేవారు. ఆ పుస్తకం లాగ్‌బుక్కు. అది కూడా పొడవనిపించి ఒట్టి "లాగ్" అయింది. బఫర్లో రాసి, తర్వాత డిస్కులోకి ఫ్లష్ చేయడం మనం కనిపెట్టామని అనుకుంటాం!

బఫరు ఎంత ముఖ్యమో చెప్పడానికో పిట్టకథ. 1872 డిసెంబరులో "మేరీ సెలెస్ట్" అనే ఓడ అట్లాంటిక్‌లో మనిషన్నవాడు లేకుండా తేలుతూ కనిపించింది. అందులో ఉన్నవాళ్ళేమయ్యారో ఈరోజుకీ తేలలేదు. లాగ్‌బుక్కులో చివరి రాత నవంబరు 24ది. పలక మీద మాత్రం 25 పొద్దున 8 గంటలది ఉంది. పుస్తకంలోకి ఎక్కని ఆ కాస్త సుద్దరాత వల్లే వాళ్ళు అజోర్స్ దీవుల్లో సాంటా మరియా దాకా వచ్చారని తెలిసింది. క్రాష్‌కి ముందు ఫ్లష్ కాని ఆఖరి లైను అన్నమాట.

టైమ్‌జోన్ బగ్గులు కూడా అప్పుడే ఉన్నాయి. ఇంగ్లీషు ఓడల్లో రోజు అర్ధరాత్రి మొదలయ్యేది కాదు, అంతకుముందు మధ్యాహ్నమే మొదలయ్యేది. ఒడ్డు మీద 21వ తేదీ మధ్యాహ్నం దాటిందంటే ఓడలో 22వ తేదీ వచ్చేసినట్టే. 1805 అక్టోబరులో నౌకాదళం దీన్ని రద్దుచేసింది. అదే నెల 21న ట్రఫాల్గర్ యుద్ధం జరిగింది, ఆ ఓడలకి ఉత్తర్వు ఇంకా అందలేదు. పాత లాగులు చదివే చరిత్రకారులు ముందు ఆ పుస్తకం ఏ గడియారం ప్రకారం నడిచిందో చూసుకోవాలి. యూటీసీలో రాయమని ఎందుకు మొత్తుకుంటారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక చైనావాళ్ళ సంగతి. వాళ్ళు సముద్రానికి కొత్తవాళ్ళు కాదు. "షున్‌ఫెంగ్ శియాంగ్‌సోంగ్" అనే మింగ్ కాలపు నావికుల చేతిరాత పుస్తకం ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది, 1639లో ఆర్చిబిషప్ లాడ్ ఇచ్చినది. అందులో వేగం కొలిచే పద్ధతి ఏమిటంటే, ఓడ ముందునుంచి చెక్కముక్క పడేసి, దాంతోపాటే ఒక మనిషి వెనకభాగం దాకా నడవడం. ఇద్దరూ ఒకేసారి చేరితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మనిషి ముందు చేరితే ఓడ నెమ్మది, చెక్క ముందు చేరితే ఓడ జోరు. రాత్రీ పగలూ కలిపి పది "గంగ్"లు, ఒక్కో గంగ్‌కి 60 లీల దూరం అని లెక్క. మన జాములాంటి కాలమానమే గంగ్, సముద్రం మీద అదే దూరానికి కొలత అయింది. "ఫలానా రేవు ఇక్కడికి ఐదు గంగ్‌లు" అంటారు. మన పల్లెల్లో "బీడీ కాల్చేంత దూరం" అనే లెక్క లాంటిదే, కాస్త కచ్చితంగా.

చూశారా, అదే చెక్క, అదే నీళ్ళు. కానీ చైనీసులో చెక్క మాటగా మిగల్లేదు. దారి రాసుకునే పుస్తకాలకి వాళ్ళు దిక్సూచి ముల్లు పేరు పెట్టుకున్నారు, గంగ్ పేరు పెట్టుకున్నారు. హైనాన్ జాలర్ల "గంగ్‌లు బు" పుస్తకాలు ఇప్పటికీ వాళ్ళ వారసత్వ సంపదగా భద్రపరుస్తున్నారు. తర్వాత యూరపు తరహా లాగ్‌బుక్కు వచ్చాక దానికి పెట్టిన మాట "హాంగ్‌హై రిజి". రి అంటే రోజు, జి అంటే నమోదు. ఈ "జి" చాలా పాత మాట, రాజ్యాల చరిత్రలకీ ఊళ్ళ స్థానిక చరిత్రలకీ వాడింది. చైనా ఇంజనీరు సిస్టమ్ లాగ్‌ని "రిజి" అన్నప్పుడు అతని చెవిలో దుంగ శబ్దం ఉండదు, చరిత్రకారుడి కలం చప్పుడుంటుంది.

లాగిన్‌కి వాళ్ళ మాట ఇంకా బావుంటుంది. "దంగ్‌లు", అంటే పద్దులో ఎక్కించడం. అచ్చంగా లాగిన్ అసలర్థమే. తమాషా ఏమిటంటే సరిగ్గా ఇదే ఉచ్చారణతో ఇంకో "దంగ్‌లు" ఉంది, రెండో అక్షరం రాయడంలోనే తేడా. దాని అర్థం ఓడ దిగి ఒడ్డుకి చేరడం! తుఫాను తీరం దాటిందని చెప్పడానికి వాళ్ళు వాడేది ఆ మాటే. చైనా వెబ్‌సైట్లలో ఒకదాని బదులు ఇంకోటి రాయడం చాలా మామూలు. దుంగ అనే మాటని గుమ్మం దగ్గరే ఆపేసిన భాషలోకి సముద్రం దొడ్డిదారిన వచ్చేసింది.

ఇంగ్లీషు నేర్చుకునే చైనావాళ్ళకి ఈ తంటా ఇప్పటిది కాదు. కాంటన్ రేవులో ఈస్టిండియా కంపెనీతో వ్యాపారం చేసినవాళ్ళు ఇంగ్లీషు మాటల్ని చైనీసు అక్షరాల ఉచ్చారణతో రాసుకుని బట్టీపట్టేవారు. 1862లో టాంగ్ టింగ్‌షు అనే ఆయన ఆరు సంపుటాల ఇంగ్లీషు వాచకం వేశాడు, కాంటన్ మాండలికం ఉచ్చారణతో. ఆ పెద్దమనిషే 1873లో చైనా మర్చంట్స్ స్టీమ్ నావిగేషన్ కంపెనీ నడిపే బాధ్యత తీసుకున్నాడు. భాష నేర్పినవాడే ఓడలు నడిపాడు. పక్కవాడి మాట అర్థం చేసుకోవడం అప్పుడు సరదా కోసం కాదు, సరుకు కోసం. మనం "ముప్పై రోజుల్లో ఇంగ్లీషు" పుస్తకంలో తెలుగు అక్షరాలతో ఇంగ్లీషు చదువుకున్నది కూడా అందుకేగా.

ఈ లాగ్‌బుక్కుల విలువ రాసినవాళ్ళకి కూడా తెలీదు. 1842లో అమెరికా నౌకాదళంలో మాథ్యూ మారీ అనే అధికారికి ఒక కొట్టు అప్పగించారు. అందులో పాత లాగ్‌బుక్కులు గుట్టలుగా ఉన్నాయి. ఆయన వాటిని పారేయకుండా గాలీ ప్రవాహాల వివరాలన్నీ ఏరి 1847 నుంచి సముద్రపటాలు వేశాడు. కాలికి తగిలిన కుళ్ళు కాగితాల్లోంచి దగ్గరిదారులు బయటికొచ్చాయి. 1853లో బ్రస్సెల్స్‌లో కొన్ని దేశాలు కూర్చుని వాతావరణం లాగ్ ఎలా రాయాలో ఒక ఫార్మాటు ఒప్పుకున్నాయి. లాగ్ ఫార్మాటు మీద గొడవలు మన టీములోనే అనుకోకండి.

మన తీరానికి కూడా ఇందులో ఋణం ఉంది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతంలో తుఫాన్లలో చిక్కుకున్న ఓడల లాగులు సేకరించి, ఏ గంటకి ఏ ఓడకి గాలి ఎటునుంచి వీచిందో పక్కపక్కన పెట్టి చూశాడు. గాలి గుండ్రంగా తిరుగుతోందని తేలింది. కాకినాడ పక్కనున్న మన కోరంగిని ముంచిన 1839 నవంబరు తుఫాను కూడా ఆయన పరిశోధించిన వాటిలో ఒకటి. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఈ తుఫాన్లకి "సైక్లోన్" అని పేరు పెట్టింది ఆయనే. ఇవాళ రేడియోలో, టీవీలో వినే ఆ మాట వెనక తడిసిన ఓడల లాగులున్నాయి. ఇంకా ఈమధ్యకాలంలో అయితే, 1789 నుంచి 1834 దాకా ఇండియాకీ చైనాకీ తిరిగిన ఈస్టిండియా కంపెనీ ఓడల లాగులు దాదాపు 900 తీసుకుని శాస్త్రవేత్తలు అప్పటి ఉష్ణోగ్రతలు, వాయుపీడనం లెక్కలు ఏరారు. కంపెనీ సరుకు కోసం రాయించిన పుస్తకం భూమి జ్వరం చూడటానికి పనికొచ్చింది.

కంప్యూటర్లోకి ఈ మాట వచ్చింది టైమ్‌షేరింగ్ రోజుల్లో. ఒక పెద్ద మిషనుని పదిమంది పంచుకుంటుంటే ఎవరు ఎంతసేపు వాడారో రాయాలి. 1960ల మొదట్లో ఎంఐటీలో చేసిన సీటీఎస్ఎస్‌లో "లాగిన్", "లాగవుట్" కమాండ్లున్నాయి. ఓడ ఎక్కినవాడి పేరు పద్దులో రాసినట్టే. తర్వాత 1969 అక్టోబరు 29 రాత్రి, ఆర్పానెట్ మీద మొదటి సందేశం. లాస్‌ఏంజిలిస్‌లో చార్లీ క్లైన్ "లాగిన్" అని టైపు చేయడం మొదలుపెట్టాడు. ఎల్, ఓ అనే రెండక్షరాలు వెళ్ళగానే అవతలి మిషను క్రాష్ అయింది. ఇంటర్నెట్‌కి పునాది అనుకునేదాని మీద నడిచిన మొదటి మాట, దుంగలో సగం! ఆ రాత్రి పదిన్నరకి అవతలి మిషనుతో మాట్లాడామని వాళ్ళు చేత్తో ఒక పుస్తకంలో రాసిపెట్టారు కాబట్టే మనకింత కచ్చితంగా తెలిసింది. ఆ పుస్తకం ఏమిటంటారా? లాగ్.

ఆ తర్వాతది మీకు తెలిసిందే. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ రాశాడు. 1997లో జోర్న్ బార్గర్ వెబ్‌లాగ్ అన్నాడు, 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని "వుయ్ బ్లాగ్" అని సరదాగా విరిచాడు. అలా మిగిలిన "బ్లాగ్"ని చైనావాళ్ళు 2002లో "బోకె" చేసుకున్నారు, తైవాన్ వాళ్ళు "బులువోగె" అన్నారు. ఈసారి మాత్రం అర్థానికి మాట కట్టకుండా శబ్దాన్నే దిగుమతి చేసుకున్నారు. మనం ఒక ఉకారం తగిలించి బ్లాగు అన్నాం. "బాగు"కి ఒక ఒత్తు ఎక్కువ, బాగానే కుదిరింది.

ఇదంతా చెప్పి "ఔరా" అనిపించి వదిలేయొచ్చు. కానీ నాకు ఇందులో పట్టుకున్న విషయం వేరే. లాగ్ అనేది రాసేవాడి కోసం కాదు. పలక మీద సుద్దతో "ఆరు ముడులు, ఈశాన్యం గాలి" అని రాసిన నావికుడికి ఆ సంగతి అప్పటికే తెలుసు. అది తర్వాత డ్యూటీకి వచ్చేవాడి కోసం, మునిగిపోతే వెతుక్కుంటూ వచ్చేవాడి కోసం, రెండొందల ఏళ్ళ తర్వాత పుట్టేవాడి కోసం. దానికి కావలసినవి మూడే. జరిగినప్పుడే రాయాలి, చూసిందే రాయాలి, రాసింది దిద్దకూడదు.

మనం ఏం చేస్తున్నాం? ఎక్సెప్షన్ పట్టుకుని "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని ఒక లైను రాసి చేతులు దులుపుకుంటాం. ఒక క్లయింటు సిస్టంలో రాత్రి రెండు గంటలకి నాకు దొరికింది సరిగ్గా ఆ ఒక్క లైనే, పదకొండువేల సార్లు. ఇది "ఓడకి ఏదో అయింది" అని రాసి పడవ దిగిపోవడం లాంటిది. ఇంకో చివర, అనవసరమైనవన్నీ రాసేవాళ్ళు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే గొడవ గుర్తుందిగా? ఆలీబాబా క్లౌడ్ ఇంజనీరు కనిపెట్టి చెప్పిన ఆ లోపం సారాంశం ఏమిటంటే, లాగ్‌లో రాయమని ఇచ్చిన మాటని ఆ లైబ్రరీ రాసి ఊరుకోకుండా ఆజ్ఞగా తీసుకుని అమలు చేసేది. సాక్షి సాక్ష్యం చెప్పాలి, కత్తి పట్టుకోకూడదు. ప్రపంచంలో సగం సర్వర్ల వాళ్ళకి ఆ నెల నిద్రలేదు.

చివరిగా మన భాష సంగతి. లాగ్‌కి తెలుగు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోమటి కొట్లో రోజువారీ రాసే పుస్తకం చిట్టా, అందులోంచి ఎక్కించే పెద్ద పుస్తకం ఆవర్జా. పలకా, లాగ్‌బుక్కూ అచ్చంగా ఇవే. కరణాల దగ్గర తాటాకుల కవిలెలుండేవి. ఊరి సంగతులన్నీ అందులోనే, మెకంజీ కైఫియతులకి ముడిసరుకు కూడా అవే. చైనావాళ్ళ "జి"కి సరైన జోడు మన కవిలె. తెలుగు వికీపీడియా వాళ్ళు తొలగింపుల రికార్డుకి చిట్టా అనే పేరే పెట్టుకున్నారు, ఎంత హాయిగా ఉందో చూడండి. అలాగని రేపటినుంచి ఆఫీసులో "చిట్టా చూశావా" అనమని నేననను, నేనూ అనను. లాగిన్ అనే మాట మన నోట్లో నలిగిపోయింది, "లాగినయ్యాను" అని క్రియ కూడా చేసేసుకున్నాం. ఇంగ్లీషువాడికే అందులో దుంగ గుర్తులేనప్పుడు మనం మొహమాటపడక్కర్లేదు.

మాట ఎక్కడిదైనా పరవాలేదు, పద్దు మాత్రం నికార్సుగా ఉండాలి. గవర్నమెంటు జీపుల లాగ్‌బుక్కుల్లో కొన్ని చూశాను. నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ముప్పై రోజులూ ఒకేసారి రాసినవి. వాటిని రెండొందల ఏళ్ళ తర్వాత ఎవరు చదివినా ఏ తుఫానూ దొరకదు. రేపు మీరు ఒక క్యాచ్ బ్లాకు రాసేటప్పుడు ఆ సుద్దముక్క పట్టుకున్న నావికుణ్ణి ఒకసారి తలుచుకోండి. కింద నీళ్ళు ఊగుతున్నాయి, వానపడుతోంది, ఇసుక అయిపోవస్తోంది. అయినా వాడు ముడులు లెక్కపెట్టి, ఉన్నదున్నట్టు ఒక లైను రాసి మరీ వెళ్ళాడు.